కుర్చీల ఓడ

జూన్ 3

వదినా,

పార్సిల్ విప్పే ముందు చేతులు కడుక్కో. ఈ పుస్తకాలు నిన్న పొద్దున్నే దిగాయి. అట్టపెట్టె కోయగానే కొత్త సిరా వాసన గుప్పుమంది. కొట్లో ఉన్న పిల్లలంతా కౌంటర్ మీదికి ఎగబాకారు. వాళ్ళని ఒక్కొక్కరినే కిందికి దింపి, ముందుగా ఒక్కో పుస్తకం నుంచి ఒక ప్రతి తీసి పక్కన పెట్టాను. అది నా మేనకోడలు తూనీగది. ఈ కొట్లో ఎంత గొప్పవాళ్ళయినా ఆ తర్వాతే.

మొదటిది బొమ్మల పుస్తకం. ఒక నత్త లిఫ్టులో పై అంతస్తుకి వెళ్ళాలనుకుంటుంది. ప్రతి అంతస్తులోనూ అది గడప దాటేలోపే తలుపులు మూసుకుంటాయి. పేజీ తిప్పితే ఇంకో అంతస్తు, ఇంకో రంగు గోడ. నేను గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. డబ్బులివ్వడానికి వచ్చినాయన రెండుసార్లు దగ్గాడు పాపం. రెండోది కాస్త పెద్ద పిల్లల నవల. కవలలు దెబ్బలాడుకుని మాటలు మానేస్తారు. చెప్పాల్సినవన్నీ చీటీల మీద రాసి పిల్లి మెడపట్టీలో దూర్చి పంపుకుంటారు. పిల్లికి ఈ ఉద్యోగం ఇష్టం లేదు. ఇంతకంటే చెప్పను, చెబితే తూనీగ నన్ను క్షమించదు.

చదివాక అది ఏమందో ఎప్పటిలాగే ఉత్తరంలో రాసి, పుస్తకాలతో పాటు పంపు. దాని మాటని అట్టముక్క మీద రాసి 'మేనకోడలు చెప్పింది' అని ఆ పుస్తకం కింద అంటిస్తుంటే జనం ముందు అదే చదువుతున్నారు. మొన్న ఒక తల్లి నన్ను పక్కకి నెట్టి, "మీరు ఉండండి, ఆ పాప ఏమందో చూడనివ్వండి" అంది. పదేళ్ళుగా పిల్లల పుస్తకాలమ్ముతున్నాను. నా మాటకి ఆ విలువ లేదు.

అసలు సంగతి ఇప్పుడు. జులై పన్నెండు ఆదివారం మా కొట్లో కొత్త బొమ్మల పుస్తకం విడుదల. బొమ్మలు వేసిన ఆవిడే వస్తోంది. ఆవిడ పక్కన తూనీగని కూర్చోబెట్టి, పుస్తకం పైకి చదివించి, దాని మాట దాని నోటితోనే చెప్పించాలని నా ఆశ. అన్నయ్య రాడు, ఆ భయం పెట్టుకోకు.

ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఫోనంటే మనిద్దరం అయిదు నిమిషాల్లో అన్నయ్య దగ్గరికి వచ్చేస్తాం. ఇక పుస్తకాల సంగతి గాలికి. ఉత్తరాలే నయమని నువ్వన్నది నిజం.

నీ వాగుడుకాయ


జూన్ 9

వాగుడుకాయకి,

పుస్తకాలు తిరిగి పంపుతున్నాను. అట్టలు నలగలేదు, చూసుకో.

తూనీగ మాట ఇదీ. నత్త పుస్తకం: "నత్త పైకి వెళ్ళలేకపోతుంటే నవ్వొచ్చింది. కానీ ఆ బిల్డింగులో ఇంతమంది ఉన్నారు, తలుపు ఒక్క క్షణం పట్టుకునేవాళ్ళే లేరా?" కవలల పుస్తకం: "ఇద్దరి కోపంలోనూ న్యాయం ఉంది. పిల్లి కోపంలో ఇంకా ఎక్కువ న్యాయం ఉంది. చివర్లో పట్టీ తెగిపోయినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరుకున్నాను."

విడుదల సంగతి మాత్రం మాట ఇవ్వలేను. దానికి ఈత పోటీలు దగ్గరపడ్డాయి. పొద్దున ఈత, సాయంత్రం ఈత. తల ఆరే టైమే లేదు. నలుగురి ముందు మాట్లాడాలంటే దానికి సిగ్గు కూడా. ఇంకెవరైనా పిల్లని చూసుకో. మీ ఊళ్ళో చదివే పిల్లలకి కొదవా?

ఇంకొకటి. నన్ను ఇంకా వదినా అనే రాస్తున్నావు. మీ అన్నయ్యకీ నాకూ కాగితాల మీద సంతకాలై ఏడాది దాటింది. నీకు ఇబ్బంది అనిపిస్తే మానేయొచ్చు, నేనేమీ అనుకోను.

ఉంటాను.

తూనీగ వాళ్ళమ్మ


జూన్ 14

వదినా, వదినా, వదినా,

ఒకటికి మూడు రాశాను, చాలా? సంతకాలు మీ ఇద్దరి మధ్య. నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. నువ్వేమో ఉత్తరం కింద 'తూనీగ వాళ్ళమ్మ' అని పెట్టడం మొదలెట్టావు. ఇంతకుముందు 'నీ వదిన' అని పెట్టేదానివి. నేనేమైనా అన్నానా? అనలేదు. ఇప్పుడంటున్నాను.

పిల్లి కోపంలో న్యాయం! ఆ అట్టముక్క పెట్టిన రోజే నవల ప్రతులన్నీ ఖాళీ అయిపోయాయి. పుస్తకాలు వేసే కంపెనీ నుంచి వచ్చినతను దాని ముందు నిలబడి, "ఈ పాప వయసెంత?" అన్నాడు. పదకొండు అన్నాను. నోరెళ్ళబెట్టాడు. విడుదలకి ఆ పాప వస్తుందని అతనికి చెప్పేశాను వదినా. నా నోటి సంగతి నీకు తెలుసు కదా. అంతటితో ఆగానా? తలుపు మీద పెద్ద కాగితం కూడా అంటించాను: 'మేనకోడలు వస్తోంది!' ఈత పోటీలు ఆదివారం ఉండవని మీ ఊరి ఈత కొలను వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కున్నాను. కాబట్టి ఆ సాకు చెల్లదు. సిగ్గంటావా, అది నాకు వదిలెయ్.

విడుదలయ్యే పుస్తకాన్నే ఈ పార్సిల్లో పెట్టాను, అందరికీ చూపించమని నాకు కొన్ని ప్రతులు ముందుగానే పంపారు. పేరు 'కుర్చీల ఓడ'. వాన పడుతుంటే కుందేలు పిల్ల ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ వరసగా పేర్చి ఓడ చేస్తుంది. పెద్ద కుర్చీ, మడత కుర్చీ, ముక్కాలి పీట, ఏదీ వదలదు. దుప్పటి తెరచాప. నేల అంతా సముద్రం. ఆ నీలం చూడు, చేత్తో తాకితే తడి అంటుకుంటుందేమోనని పిల్లలు నిజంగానే వేలు పెట్టి చూస్తున్నారు. విడుదల రోజు మా కొట్లో కూడా కుర్చీలతో ఓడ కడతాం. దాని ముందు కుర్చీ తూనీగది.

ఇంకోటి 'దీపస్తంభం' అనే నవల. దీని గురించి ముందుగా ఒక్క ముక్క చెప్పను. తూనీగ ఏమంటుందోనని కాచుకుని ఉన్నాను.

అన్నట్టు, నువ్వు తిప్పి పంపే పుస్తకాలు మందుల వాసన వేస్తున్నాయి. షాపుకి తీసుకెళ్ళే సంచిలో పెట్టకు వదినా. నత్త పుస్తకం వాసన చూసి ఒక పిల్లాడు "దీనికి జ్వరమా?" అన్నాడు.

నీ వాగుడుకాయ


జూన్ 19

వాగుడుకాయకి,

నన్ను అడక్కుండా తలుపు మీద కాగితం ఎలా అంటించావు? ఈత కొలను వాళ్ళకి ఫోన్ చేయడం ఏమిటి? నా మాట మీద నమ్మకం లేకనే కదా?

పిల్ల గొంతు పోయింది. నీళ్ళలో నానీ నానీ మాట బొంగురుపోయింది. పన్నెండో తారీఖుకి తగ్గుతుందన్న నమ్మకం నాకు లేదు. ఆ కాగితం తీసెయ్.

ఈ వారం మా మందుల షాపులో స్టాకు సరిచూసే పని. ప్రతి అరా దింపి, ప్రతి డబ్బా మీద తేదీ చూసి, మళ్ళీ ఎక్కించాలి. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. మా ఓనరు సిద్ధాంతం ఒకసారి నీకు చెప్పాను కదా, కౌంటర్ వెనక కుర్చీ వేస్తే అందులో బద్ధకం వచ్చి కూర్చుంటుందట. అందుకని ఈ ఉత్తరం ఎక్కువ రాయలేను.

'కుర్చీల ఓడ' గురించి తూనీగ మాట: "ఓడ బాగుంది. నీలం చాలా బాగుంది. కుర్చీలన్నీ ఓడకి పోయాయి కదా, అందుకే వెనకాల అమ్మ కుందేలు ఒక్క పేజీలోనూ కూర్చోలేదు. కూరగాయలు నిలబడే తరిగింది, బట్టలు నిలబడే మడతపెట్టింది, కాఫీ కూడా నిలబడే తాగింది. ఎవరూ అడగలేదు."

'దీపస్తంభం' గురించి: "ఉత్కంఠగా ఉంది. రాత్రి సముద్రం హోరులో దీపస్తంభం వెలిగే చోటు నాకు అన్నిటికంటే నచ్చింది."

పుస్తకాలు ఇందులోనే పెట్టాను. మందుల వాసన రాకుండా కవర్లో చుట్టాను.

తూనీగ వాళ్ళమ్మ


జూన్ 24

వదినా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేయడం ఇది నాలుగోసారి. నోట్లో నువ్వుగింజ నానదని మీరంతా నన్ను ఆడిపోసుకుంటారు. ఈ ఒక్క మాట చెప్పడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.

'దీపస్తంభం'లో సముద్రం లేదు వదినా. దీపస్తంభం అనేది ఆ నవలలో ఒక పొడుగు పిల్లకి బళ్ళో పెట్టిన వెక్కిరింపు పేరు. కథంతా ఒక ఎండిపోయిన ఊళ్ళో జరుగుతుంది. అట్ట మీద బొమ్మ వేసినతను కథ చదవకుండా పేరు మాత్రం విని, సముద్రం, అలలు, నిజమైన దీపస్తంభం గీసిపారేశాడు. కంపెనీ వాళ్ళు చూసుకునేసరికి అచ్చయిపోయింది. ఇక్కడ పిల్లలంతా ఆ అట్ట చూసి పడీపడీ నవ్వుతున్నారు. తూనీగ కూడా నవ్వుతుందని, ఆ మాట కోసమే నేను కాచుకుని ఉన్నాను.

దాని మాట చదవగానే ఆ అట్ట తీసి మళ్ళీ చూశాను. ఆ పిల్ల అట్ట తప్ప లోపల ఏమీ చదవలేదు. ఎందుకు చదవలేదు? పైకి చదవమంటే గొంతు ఎందుకు పోయింది? విడుదల మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక అడ్డు ఎందుకు వస్తోంది? మా కొట్టుకి అలాంటి పిల్లలు వస్తుంటారు వదినా. తెలివికి లోటుండదు, అక్షరాలు మాత్రం వాళ్ళ మాట వినవు. బొమ్మలు చూసి, పక్కవాళ్ళ మాటలు విని, నెగ్గుకొస్తుంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నేర్పేవాళ్ళున్నారు. నీకు తెలిసే నువ్వు దాని గుట్టు కాపాడుతున్నావా, లేక నీకే తెలియదా? రెండిట్లో ఏదైనా నేను నీ వైపే.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేయడం మంచిది. మొన్న అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను దిగులుగా ఉన్నానని అడిగి అడిగి రాబట్టాడు. చెప్పేశాను. "పిల్ల చదువు ఇలా అయితే నా దగ్గరే పెట్టుకుంటాను, లాయరుతో మాట్లాడతాను" అన్నాడు. కోపంలో అన్నాడు, అంత దూరం వెళ్ళడు. నేను వెళ్ళనివ్వను.

నీ వాగుడుకాయ


జూన్ 28

శ్రీమతి పుస్తకాల కొట్టు యజమానురాలు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

మీరు నాలుగుసార్లు చింపి అయిదోసారి పంపారు. అయిదోసారి కూడా చింపేసి ఉంటే బాగుండేది.

మా అమ్మాయికి చదవడం శుభ్రంగా వచ్చు. నిన్న పేపరు ఇచ్చి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదివించాను. వంట గదిలో నిలబడి విన్నాను. వాతావరణం కూడా చదివింది. ఒక్క తడబాటు లేదు. దాని బడి టీచరు గారి నంబరు కింద రాశాను. మీకు ఫోన్లు చేసి కనుక్కునే అలవాటుంది కాబట్టి కనుక్కోండి. ఆ తర్వాత మీ అన్నయ్య గారికి కూడా మీరే చెప్పండి. చెప్పిన నోటితోనే చెప్పాలి.

పిల్లని తీసుకుపోతారని నాకు చెబుతూ, ఆ కాగితం మీదే 'నేను నీ వైపే' అని రాశారు. ఏ వైపో నాకు అర్థం కాలేదు. ఏడాదిన్నరగా ఆ ఒక్క భయంతోనే నేను ఒంటి కాలి మీద నడుస్తున్నాను. దానికి మీరు ఒక కారణం తయారుచేసి మీ అన్నయ్య గారి చేతికిచ్చారు.

'దీపస్తంభం' విషయంలో పొరపాటు జరిగింది. అది పిల్ల పొరపాటు కాదు. ఇంతకంటే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అవసరం నాకు లేదు.

మీ ఉత్తరం వెంటే వచ్చిన కొత్త పార్సిల్ విప్పకుండా తిప్పి పంపుతున్నాను. ఇక మీదట పంపవద్దు. విడుదలకి మేము రావడం లేదు.

ఇట్లు,
తూనీగ వాళ్ళమ్మ


జులై 3

వదినా,

'మీరు' అన్నావు నన్ను. ఉత్తరం మూడుసార్లు తిరగేశాను, ఎక్కడైనా ఒక్క 'నువ్వు' పొరపాటున దొర్లిందేమోనని. లేదు. అంత జాగ్రత్తగా రాశావంటే ఎంత కోపం వచ్చిందో అర్థమైంది. బాగా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

టీచరుకి ఫోన్ చేయలేదు. నీ మాట చాలు. అన్నయ్యకి మాత్రం ఆ గంటలోనే చేశాను. పిల్లకి చదువు బ్రహ్మాండంగా వచ్చని, పొరపడింది నేనేనని, లాయరు మాట మళ్ళీ ఎత్తితే చెల్లెలు లేదనుకోమని చెప్పాను. అంతా విని, "పేపరు మొత్తం చదివిందా? నేనే చదవను" అన్నాడు. ఇక ఎత్తడు. ఆ భయం మనసులోంచి తీసెయ్.

ఇప్పుడు ఇంకో సంగతి విను. కోపంగానే విను, ఫర్వాలేదు.

నిన్న ఆ బొమ్మలావిడ కొట్టు చూసుకోవడానికి ముందుగా వచ్చింది. పొట్టిగా ఉంటుంది. వేళ్ళ సందుల్లో రంగు పోదు. కుర్చీల ఓడ ఎక్కడ కట్టాలో కొలతలు తీసుకుంటూ తిరుగుతూ, తన పుస్తకం కింద అట్టముక్క దగ్గర ఆగిపోయింది. నేను దీపస్తంభం గొడవలో పడి, నీ ఉత్తరంలో ఉన్న 'కుర్చీల ఓడ' మాటని అలాగే దించి అంటించేశానే గానీ దాని మీద మనసు పెట్టలేదు. ఆవిడ మాత్రం చదివి, మళ్ళీ చదివి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "మొదటి బొమ్మలో అమ్మకి కుర్చీ వేశాను. పిల్ల ఓడకి అదీ కావాలనిపించి తీసేశాను. ఆ తర్వాత ప్రతి పేజీలో ఆ అమ్మని నిలబెడుతూనే ఉన్నాను. ఇన్నాళ్ళలో ఒక్కరూ కనిపెట్టలేదు, నా ఎడిటరు కూడా. ఈ పాపని నేను చూడాలి" అంది.

ఆవిడ వెళ్ళాక ఆ పుస్తకం తీసి చూశాను. నిజం వదినా. ఒక్క పేజీలోనూ కూర్చోలేదు. ఈ పుస్తకాన్ని నేను ఈ మూడు వారాల్లో ఎంతమంది పిల్లలకి చదివి వినిపించానో లెక్కే లేదు. ప్రతి పిల్లా ఓడనే చూస్తుంది. తెరచాప చూస్తుంది, నీలంలో వేలు పెడుతుంది. అమ్మ వైపు కన్ను కూడా తిప్పదు. పదకొండేళ్ళ పిల్ల, రోజంతా నీళ్ళలో ఉండే పిల్ల, అమ్మ కాఫీ నిలబడి తాగిందని చెబుతుందా?

పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఎన్ని కవర్లు చుట్టినా మందుల వాసనే. నీ సంచి వాసన కాదు అది. నీ చేతులది.

నత్త కోసం తలుపు పట్టుకోలేదని కోప్పడింది ఎవరు? పట్టీ తెగితే పుస్తకం మూసి ఊరుకున్నది ఎవరు? స్టాకు సరిచూసే వారంలో ఒక్క పుస్తకం చదవడానికి వీలుపడక, అట్ట చూసి రాసేసింది ఎవరు?

నువ్వే కదా వదినా?

నీ వాగుడుకాయ


జులై 7

వాగుడుకాయా,

అవును. నేనే. అడ్డంగా దొరికిపోయాను.

నువ్వు పంపిన మొదటి పార్సిల్ తూనీగ ఎంతో ఆశగా విప్పింది. రెండు పేజీలు తిప్పింది. "బాగుందమ్మా" అని చెప్పి ఈత బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. దానికి చదవడం రాక కాదు, ఇష్టం లేదు. నీటిలో దిగితే గానీ దానికి ఊపిరాడదు. ఇప్పుడు చెప్పు, 'బాగుంది' అని ఒక్క ముక్క రాసి పంపితే నువ్వు రెండో పార్సిల్ పంపుతావా? మహా అయితే మూడోది పంపుతావు. ఆ తర్వాత ఏ వంకతో ఉత్తరం రాస్తావు నాకు?

మీ ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే నాకు ఫోన్ చేయడం మానేశారు. దారిలో కనిపిస్తే పేరు చివర 'గారు' తగిలించి పలకరించేవాళ్ళు కొందరు, అదీ లేనివాళ్ళు కొందరు. వరసపెట్టి పిలిచేదానివి నువ్వొక్కదానివే మిగిలావు. పుస్తకాలు ఆగితే ఆ పిలుపు కూడా ఆగిపోతుందని భయపడ్డాను. పిచ్చి అను, ఇంకేమైనా అను. నేనే పిలవొద్దని రాశాను కదా, ఎందుకో తెలుసా? నీ అంతట నువ్వు మానేసే రోజు కోసం ఎదురుచూడడం నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత షాపుకి ఎవరూ రారు. పుస్తకం కౌంటర్ కింద అరలో పెట్టుకుని నిలబడి చదివేదాన్ని. మొదట్లో నీకోసమే చదివాను. నత్త దగ్గరికి వచ్చేసరికి నాకోసం చదివాను. కవలల పుస్తకం మధ్యలో ఉండగా ఒకాయన వచ్చి దగ్గు మందు అడిగితే, "పిల్లి మెడలో చూడండి" అన్నాను. ఆయన ఇంకో షాపుకి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు నాకెవరూ ఇలాంటివి కొనలేదు. ఇన్ని రంగులుంటాయని, ఇంత తక్కువ మాటల్లో ఇంత కథ పడుతుందని నలభై దాటాక తెలిసింది. అది నీ వల్లే.

నీ కొట్టుకి వచ్చే తల్లులందరినీ మోసం చేశాను. పాప మాట అని వాళ్ళు నమ్మారు. ఆ బొమ్మలావిడకి ఏం చెబుతావు? పాప కోసం వేసిన కుర్చీలో నన్ను కూర్చోబెడతావా? నాకు మొహం చెల్లదు. మేము రాము. అట్టముక్కలు తీసెయ్. నీ పరువు పోకుండా ఏదో ఒకటి చెప్పు. పిల్లకి జలుబని చెప్పు.

నేను 'మీరు' అన్నందుకు బాధపడకు.

తూనీగ వాళ్ళమ్మ


జులై 9

వదినా,

పోస్టాఫీసు మూసేస్తారు, పరుగున రాస్తున్నాను.

అట్టముక్కలు తీయలేదు. 'మేనకోడలు' అన్న చోటల్లా తెల్ల కాగితం అంటించి 'మా వదిన' అని రాశాను. తలుపు మీద కాగితానికీ అదే మరమ్మతు. ఇప్పుడది 'మా వదిన వస్తోంది!' అని ఉంది. నన్ను పక్కకి నెట్టిన ఆ తల్లికి సంగతంతా చెప్పాను, నీ మందుల షాపుతో సహా. కోప్పడుతుందనుకున్నాను. "నిలబడి చదివిందా, పాపం!" అంది. తనూ వస్తానంది.

ఓడ కట్టేశాను. ముందు కుర్చీ నీది. నువ్వు రాకపోతే అది ఖాళీగా ఉంటుంది, పిల్లలకి కారణం చెప్పలేక చస్తాను. తూనీగని కూడా లాక్కురా. చదవక్కర్లేదు.

నీ వాగుడుకాయ


జులై 20

వాగుడుకాయా,

పార్సిల్ ముట్టింది. సముద్రం అడుగున తిరిగే ఆక్టోపస్ బొమ్మల పుస్తకం తూనీగ కోసమని రాశావు. అది రెండు పేజీలు చూసి, "ఎనిమిది చేతులున్నాయి, ఒక్కటీ సరిగా వేయడం లేదు, ఇలా ఈదితే మునిగిపోతుంది" అంది. అట్టముక్క మీద అలాగే రాసుకో. ఇది నిజంగా మేనకోడలు చెప్పింది.

విడుదల రోజు నీకు చెప్పకుండా బస్సు కోసం పరుగెత్తాను. ఇంకాసేపు ఉంటే అందరి ముందూ ఏడ్చేసేదాన్ని. తలుపు మీద ఆ కాగితం చూడగానే వెనక్కి తిరిగాను, తెలుసా? తూనీగే నా చెయ్యి పట్టుకుని, "ఇంత దూరం వచ్చి తిరిగిపోతామా?" అని లోపలికి ఈడ్చింది. ఆ ముందు కుర్చీలో కూర్చున్నాక ఏం మాట్లాడానో ఒక్క ముక్క గుర్తు లేదు. పిల్లలు నవ్వారని గుర్తుంది. ఒక బుడతడు నా ఒళ్ళోకి ఎక్కి ఓడ నడిపాడని గుర్తుంది.

మేము వచ్చేస్తుంటే ఆ బొమ్మలావిడ పరుగున వచ్చి ఒక పుస్తకం చేతిలో పెట్టింది. బస్సెక్కాక విప్పాను. చివరి పేజీలో, ఆ నీలం సముద్రం అంచున, నల్ల పెన్నుతో కొత్తగా ఒక కుర్చీ గీసింది. అమ్మ కుందేలు అందులో కాళ్ళు చాపుకుని కూర్చుంది. చేతిలో పుస్తకం. తూనీగ నా భుజం మీద నుంచి చూసి, "ఈమె ముందు పేజీల్లో కూడా ఉందా?" అంది. పుస్తకం లాక్కుని మొదటి పేజీ నుంచి ఒక్కో పేజీ వెతుక్కుంటూ వచ్చింది. మా స్టాపు వచ్చేదాకా తల ఎత్తలేదు. దిగేటప్పుడు నా చేతి సంచి అడక్కుండానే తీసుకుంది.

సోమవారం షాపుకి వెళ్ళి మా ఓనరుని అడిగాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు వాగుడుకాయా, నా నోటికి ఆ మాట వస్తుందని నాకే తెలియదు. ఆయన తన సిద్ధాంతం మొదలుపెట్టాడు. నేను పూర్తి కానివ్వలేదు. "బద్ధకం వస్తే రానివ్వండి, నేను చూసుకుంటాను. నాకు మాత్రం కుర్చీ కావాలి" అన్నాను. ఆయన నాలుగు రోజులు ముభావంగా తిరిగాడు. నేను కూడా పలకరించలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియలేదు.

శుక్రవారం వెనక గోడౌన్ నుంచి ఒక ఎత్తు స్టూలు తెచ్చి కౌంటర్ వెనక పెట్టాడు. ఒక కాలు కొంచెం పొట్టి. అట్టముక్క మడిచి కింద పెట్టాను. దగ్గు మందు ఆయన మళ్ళీ వచ్చాడు, పిల్లి బాగుందా అని అడిగాడు.

మధ్యాహ్నమైంది, షాపులో ఎవరూ లేరు. ఈ ఉత్తరం ఆ స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. కొత్తవి ఏం దిగాయో త్వరగా పంపు.

నీ వదిన